తిన్నగా పొమ్మన్న పెట్టె

ఆ బుధవారం మురళీమోహన్ చేయవలసిన పనులివి: అరటిగెలల వ్యాపారి వేషంలో రాజోలు చేరడం. వాల్టర్ కారులోని జీపీఎస్ పెట్టెకు కొత్త మెమరీ కార్డు అందించడం. డ్రైవరుతో మాట్లాడటం. రేవులో మనుషుల్ని నిలబెట్టడం. సమయానికి ఒక ఫోన్ చేయడం.

అన్నీ చేశాడు. ఫోన్ కూడా చేశాడు.

అంతకుముందు హైదరాబాదులో ఇంటెలిజెన్స్ చీఫ్ క్లుప్తంగానే చెప్పాడు. "సముద్రంలో గ్యాస్ బావుల సర్వే డిస్క్ విదేశీ గూఢచారి వాల్టర్ చేతికి చిక్కింది. నర్సాపురంలో బోటెక్కాడంటే మనకి దొరకడు. దారిలో చించినాడ వంతెన దగ్గర అతని మనుషులు కాపు కాస్తున్నారు. కారు వంతెన ఎక్కకూడదు."

"కారు ఎక్కడుందో తెలియాలి కదా సార్. దాన్లో మనదీ ఓ జీపీఎస్ యూనిట్ పెట్టిస్తే..."

"డ్రైవరు జేబులో మొబైల్ ఉండగా ఇంకా పెట్టెలెందుకయ్యా? టవర్‌ని బట్టి నీ ఫోన్‌లో చుక్క కనిపిస్తుంది. అది చాలు."

మురళీమోహన్ సరేనన్నాడు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. పెద్దవాళ్ళ మాటకు ఎదురాడటం అలవాటు లేదు.

రాజోలు సెంటర్లో గెలల పక్కన నిలబడ్డాడు. నల్ల కళ్ళజోడు, గంధం రంగు షిఫాన్ చీర, చూసినవాళ్ళు మళ్ళీ చూసేలా ఓ స్త్రీ కారు దిగి వచ్చింది. మాధవీలత. వాల్టర్‌కు సెక్రటరీ, అసలుకు డిపార్ట్‌మెంట్ మనిషి.

"పూతరేకులు దొరుకుతాయాండీ?"

"పొర విరిగినవే ఉన్నాయండి."

కోడ్ సరిపోయింది. చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం కింద పెట్టి మెమరీ కార్డు అందించాడు. "ఈ మ్యాపులో గోదారి లేదు. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం దాకా రోడ్డే."

"గోదారినే మాయం చేశారన్నమాట. నాకు ఈత రాదండోయ్."

"అంతదాకా రాదు. కారు ఒడ్డునే ఆగుతుంది."

ఆపవలసినవాడు తాతారావు. రాజోలు టాక్సీ స్టాండులో యాభై దాటిన డ్రైవరు. వాల్టర్ అద్దెకు తీసుకున్న ఇండికా ఆయనదే. టీ బడ్డీ వెనక మురళీమోహన్ తన గుర్తింపు కార్డు చూపించాడు.

"దేశం పని తాతారావుగారూ. ఆ పెట్టె ఎటు పొమ్మంటే అటే పోనివ్వండి. రేవు దగ్గర నేను ఫోన్ చేస్తాను. ఎత్తక్కర్లేదు. మోగగానే బ్రేకెయ్యండి."

"ఆయ్. ఆ పెట్టెలో అమ్మాయి పొద్దుటినుంచీ ఇంగ్లీషులో తిడతానే ఉందండి. మా ఆవిడ వీరాయమ్మే నయం, తెలుగులో తిడతాది." నవ్వి అడిగాడు. "మోగకపోతేనండి?"

"మోగుతుంది."

"ఆయ్."

నీళ్ళు కనిపిస్తే మీరే ఆపేయండి అన్న మాట మురళీమోహన్ నోటిదాకా వచ్చింది. ముందే ఆగితే వాల్టర్ బండి వెనక్కి తిప్పిస్తాడని మింగేశాడు. మురళీమోహన్ పుట్టింది ఈ జిల్లా రామచంద్రపురంలోనే. ఇక్కడ ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదనీ, ఒక్కోసారి పెద్దమనిషి మాట తీసెయ్యలేకపోవడమేననీ తెలుసు. మీరేమంటారు అని ఇంకోసారి అడగాలి. అడగలేదు.

మధ్యాహ్నం ఇండికా బయలుదేరింది. చించినాడ దారి వదిలేసి మలికిపురం వైపు తిరిగింది. వాల్టర్‌కు అనుమానం రాలేదు. మనుషులు అబద్ధం చెబుతారు, ఉపగ్రహాలు చెప్పవు అన్నది అతని సిద్ధాంతం.

మోటారుసైకిల్ మీద దూరంగా వెంబడిస్తున్న మురళీమోహన్, ఫోన్‌లో చుక్క మలికిపురంలోనే ఆగిపోయి ఉండటం చూశాడు. కారు టీకి ఆగిందనుకున్నాడు. ఎదురుపడకూడదని ఊరిబయటే బండి నిలిపేశాడు.

చుక్క కదిలింది. కదల్లేదు, ఎగిరింది. ఏటికి అవతల, నర్సాపురంలో వాలింది.

కారు ఆగనేలేదు; అంతసేపూ ఫోన్ మలికిపురం టవర్‌నే అంటిపెట్టుకుని ఉంది. గట్టు మీదికి చేరిన ఫోన్ అవతలి టవర్‌ను పట్టుకుంది. వెంటనే నంబరు నొక్కాడు.

ఆ లోపల కారులో జరిగింది తర్వాత మాధవీలత చెప్పింది. రేవు వాలులో తాతారావు వేగం తగ్గించాడు. పెట్టె మీంచి కళ్ళు తీయకుండానే వాల్టర్ అతని మెడకు పిస్టల్ ఆనించాడు. తిన్నగా వెళ్ళమంది పెట్టె.

"ఆపండి తాతారావుగారూ, నీళ్ళు!"

"ఫోన్ రాలేదండమ్మా."

ముందు చక్రాలు నీళ్ళు తాకాక మోగింది. మోగగానే తాతారావు బ్రేకు వేశాడు. పాచిపట్టిన వాలు మీద బ్రేకుకు కారు ఆగలేదు.

మునుగుతూనే వాల్టర్ డిస్క్‌ను కిటికీలోంచి ఏట్లోకి విసరబోయాడు. మాధవీలత అతని మణికట్టు కొరికి పట్టుకుంది. కొబ్బరికాయల కూలీల వేషంలో ఉన్న మనుషులు నీళ్ళలోకి దూకారు. తాతారావు చెయ్యి వెనక్కి చాపి ఆమె వైపు తలుపు తెరిచాడు. డిస్క్‌తో ఆమె, బేడీలతో వాల్టర్ ఒడ్డెక్కారు. తాతారావు ఎక్కలేదు.

"కంగ్రాట్స్. క్లీన్ ఆపరేషన్," అన్నాడు చీఫ్.

దినాలయ్యాక మురళీమోహన్ ఆ ఇంటికి వెళ్ళాడు. వీరాయమ్మ మంచినీళ్ళిచ్చి అడిగింది. "ఫోన్ చేసింది మీరేనాండి?"

"నేనేనండి."

"మీరు చెప్పినట్టే, మోగగానే ఆపేరంటండి. మీరేం బాధపడకండి బాబూ."

తిట్టి ఉంటే బాగుండును. అతను నీళ్ళ గ్లాసు అలాగే కింద పెట్టాడు.

కారుకు యూనిట్ మేలా, మొబైల్ మేలా అని ఆఫీసులో ఇప్పటికీ వాదించుకుంటారు. మురళీమోహన్ లేచి బయటికి వెళ్ళిపోతాడు. మీరు ఏది కొనుక్కున్నా సరే, ఏరు దాటించే పంటు కోసం రేవులో ఆగినప్పుడు, రాజోలు తాతారావుగారిని ఒక్కసారి తలుచుకోండి. యంత్రాలకు ఆయన పేరు తెలియదు.