ఎనిమిది రోజుల ఐసు

నది రెండోసారి పొంగి మా పడవల యార్డు వెనక గోడ పడగొట్టిన ఏడాది అది. నీళ్ళు తీసి మూడు నెలలైనా అరల్లో బురద ఇంకా గీకుతూనే ఉన్నాం. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. పడవలకు వడ్రంగం చేసేవాణ్ణి. మాట తక్కువ కాబట్టి అందరూ మూగమేస్త్రి అని పిలిచేవారు. నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. అనుకున్నా చెప్పేవాణ్ణి కాదు.

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది.

"ఏంటండీ, పెట్టె చేస్తున్నారా, దిండు కుడుతున్నారా?"

తలెత్తాను. నా చేతిలో రెండంగుళాల ఫోము పలక ఉంది. గుమ్మంలో తను ఉంది. బయట చినుకులు. గొడుగు మూయకుండానే లోపలికి వచ్చేసింది. నీళ్ళన్నీ నా ఫోము మీద పడ్డాయి.

"గొడుగు," అన్నాను.

"ఏమైంది గొడుగుకి?"

"మూయండి."

మూసింది. మూసేటప్పుడు మిగిలిన నీళ్ళు కూడా నా మీదే పడ్డాయి. అప్పుడు నవ్వింది. నాకు కోపం రావాల్సింది. రాలేదు.

యార్డు పైఅంతస్తులో తెరచాపలు కుట్టడానికి కొత్తగా వచ్చిన అమ్మాయి తను. నేను పెట్టె చేస్తున్న తెరచాప పడవ వాళ్ళ నాన్నగారిదే. ఆయన బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అందరూ మాస్టారనేవారు. ఆయనకి షుగరు. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ మందు ఎండకి పాడైపోతుంది. అందుకని పడవలో ఫ్రిజ్ పెట్టె కావాలి. చిన్న కంప్రెసరు బ్యాటరీ మీద రోజుకి కాసేపే నడుస్తుంది. మిగతా పొద్దంతా ఆ పెట్టే చలిని పట్టి ఉంచాలి.

"నాలుగంగుళాలు వెయ్యండి," అంది.

"రెండు చాలు."

"మీకు చాలు. నాన్న మందుకి చాలదు. నడిసముద్రంలో మిషను ఆగిపోతే దగ్గర్లో ఉన్న రేవు చేరడానికి ఎనిమిది రోజులు పడుతుంది. ఎనిమిది రోజులూ ఇందులో ఐసు కరక్కుండా ఉండాలి. ఉంటుందా?"

నేను పలక పక్కన పెట్టి నాలుగంగుళాలది తీశాను.

"నోటితో చెబితే అరిగిపోతారా?" అంది.

తర్వాత రోజూ కిందికి వచ్చేది. మధ్యాహ్నం సూదీ దారం పట్టుకుని తిరగేసిన రంగు డబ్బా మీద కూర్చునేది. తెరచాప అంచు కుడుతూ తనే మాట్లాడేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. వాళ్ళ నాన్నగారి సంగతి కూడా అలాగే తెలిసింది.

"నాన్న చూపు తగ్గిపోతోంది. షుగరు వల్లే. ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్ళు అన్నాడు డాక్టరు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి మ్యాపులో సముద్రాలు చూపించారు. ఒక్కటీ కళ్ళారా చూడలేదు. నెల రోజుల్లో మేమిద్దరం బయల్దేరకపోతే గాలి తిరిగిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా కుదరదు."

నేను రంపం ఆపాను.

"అప్పటికి వెళ్ళినా ఆయనకి కనబడదు," అంది. దారం సూదిలోంచి జారిపోయింది. మళ్ళీ ఎక్కించుకోవడానికి చాలాసేపు పట్టింది.

పెట్టె అయింది. బయట చెక్క, మధ్యలో నాలుగంగుళాల ఫోము, లోపల ఫైబరు గ్లాసు. పడవ పని అంటే కంచు స్క్రూలు. అవి తుప్పు పట్టవు, అల ఎంత కొట్టినా ఊడవు. మా యార్డులో నా అంత తిన్నగా స్క్రూ దించేవాడు లేడు. అరవై స్క్రూలు బయటి చెక్కలోంచి లోపలి గోడ దాకా దించాను. దాన్ని వంటగది బల్ల కింద, ఇంజను గదికి వీపు ఆనించి, కూర్చోబెట్టాను. మాస్టారు మూత తట్టి చూశారు.

"కోటలా ఉందయ్యా," అన్నారు.

కంప్రెసరు ఆపేసి, పెద్ద ఐసు దిమ్మ పెట్టి మూశాం. రోజుకొక్కసారే తెరవాలని మాట.

నాలుగో రోజు తెరిస్తే నీళ్ళు.

మాస్టారు వంగి, చెయ్యి ముంచి తడిమారు. కళ్ళు ఆనక అనుకుంటా. "ఫర్వాలేదులే," అన్నారు. పిల్లాడు లెక్క తప్పు చేస్తే అనే ఫర్వాలేదులే అది. మెట్లు ఎక్కి డెక్కు మీదికి వెళ్ళిపోయారు.

పక్కన మా పెదమేస్త్రి ఉన్నాడు. ఆయనకి నోరు ఊరుకోదు. "వీడికి మీ పడవ కదలడం ఇష్టం లేదమ్మా. నువ్వు పైకెళ్తే వీడి మెడ కూడా మెట్ల మీదికే తిరుగుతుంది. యార్డంతా చూస్తున్నాం," అని నవ్వుతూ పోయాడు.

తను నవ్వలేదు.

"నిజమేనా?"

పడవ కదలడం ఇష్టం లేని మాట నిజం. అది ఒప్పుకుంటే తనంటే ఇష్టమన్నదీ ఒప్పుకున్నట్టే అవుతుంది. ఒప్పుకోకపోతే అబద్ధం.

"కావాలనే చేశారా? మాట్లాడరేం? నాన్న కళ్ళతో ఆటలా మీకు?"

నేను నోరు తెరిచేలోపల తను వెళ్ళిపోయింది. యార్డు పైఅంతస్తులో కుట్టుమిషను చప్పుడు మొదలైంది. అది ఆరోజు కుట్టిన కుట్టు చూస్తే తెలుస్తుంది, ఎంత కోపమో.

మర్నాడు కొత్త ఐసు పెట్టి మూసి, మూడు గంటలు ఆగి, టార్చిలైటు తీసుకుని ఇంజను గదిలోకి దూరాను. బోర్లా పడుకుంటే గాని పెట్టె వీపు కనబడదు. లైటు వేశాను.

స్క్రూలకి చెమట పట్టింది.

చెక్క పొడిగా ఉంది. ఒక్కో స్క్రూ తల మీద ఒక్కో నీటి బొట్టు. వేలు పెట్టాను, చల్లగా జివ్వుమంది. లోపలి చలంతా కంచు పట్టుకుని బయటికి వచ్చేస్తోంది. నేను నాలుగంగుళాల గోడ కట్టి, దానికి నా చేతుల్తోనే అరవై కిటికీలు పెట్టాను.

గబగబా యార్డు పైఅంతస్తుకి వెళ్ళాను. తను తలెత్తలేదు.

"రండి," అన్నాను.

"రాను."

"ఒక్కసారి."

"ఎందుకు?"

"నా తెలివితక్కువతనం చూపిస్తాను."

ఆ మాటకి వచ్చింది. ఇద్దరం ఇంజను గదిలో పక్కపక్కన బోర్లా పడుకున్నాం. అక్కడ ఒక మనిషికే చోటు. నేను ఊపిరి కూడా లెక్కగా తీసుకుంటున్నాను. తను ఒక స్క్రూ ముట్టుకుంది. రెండోది ముట్టుకుంది. మూడోది నేనూ అప్పుడే ముట్టుకున్నాను. ఎవరం చెయ్యి తియ్యలేదు.

"ఇవన్నీ మీరే బిగించారా?"

"ఊఁ."

"ఎన్ని?"

"అరవై."

"ఎవరైనా చెప్పారా అన్ని పెట్టమని?"

"లేదు. బాగుంటుందని."

తను నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకి తల పైన పైపుకి తగిలింది. "అబ్బా!" అని మళ్ళీ నవ్వింది. "ఇంత తెలివితక్కువ పని కావాలని ఎవరూ చెయ్యలేరు మేస్త్రీ. మిమ్మల్ని అనుమానించి తప్పు చేశాను."

నా ప్రాణం లేచి వచ్చింది. తిట్టు తిని అంత తేలికపడ్డది జన్మలో అదొక్కసారే.

ఇద్దరం కలిసి మళ్ళీ చేశాం. ఈసారి స్క్రూ ఒక్కటి లేదు, అంతా జిగురే. ఫోము రెండంగుళాల చొప్పున రెండు పొరలు వేశాం. కింది పొర అతుకు మీద పై పొర అతుకు పడకుండా జరిపి అంటించాం. బయట చెమ్మ ఫోములోకి దిగకుండా చుట్టూ ప్లాస్టిక్ కాగితం. సందుల్లో డబ్బా ఫోము కొట్టాం. అది కొట్టినప్పుడు వేలంత ఉంటుంది, చూస్తుండగా పొంగి రొట్టెంత అవుతుంది. ఆ సంగతి తనకి చెప్పడం మర్చిపోయాను. తన జడ కొస ఒక మూల అంటుకుపోయింది.

"కదలకండి," అన్నాను.

"కదిలితే కదా! తియ్యండి!"

"రాదు. కత్తిరించాలి."

"మేస్త్రీ, నా పెళ్ళి కాకముందే నా జుట్టు కత్తిరిస్తే ఎవరు చేసుకుంటారు నన్ను?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. తను వెనక్కి తిరిగి చూడలేక అలాగే ఉండిపోయింది. చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి. నేను రెండంగుళాలు కత్తిరించాను.

ఆ సాయంత్రం తను వెళ్ళాక వెనక మూల తడిమితే ఒక సందు దొరికింది. చిటికెన వేలు పట్టేంత. ఎవరికీ కనబడదు. అలా వదిలేస్తే ఐసు ఆరు రోజులే ఉంటుంది. వాళ్ళు ఆగిపోతారు. డబ్బా పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత సందు నిండేదాకా కొట్టాను. పొంగి బయటికి వచ్చింది. కత్తితో చదును చేసి ఇంటికి వెళ్ళాను.

మూతకి రబ్బరు పట్టీ వేసి, చుట్టూ కాగితం ముక్కలు పెట్టి మూసి లాగాం. ముక్క జారి వస్తే అక్కడ చలి పోతున్నట్టు. ఒక్కటీ జారలేదు. అన్నీ చిరిగాయి. కొత్త దిమ్మ పెట్టాం.

రోజూ మధ్యాహ్నం మెట్ల మీంచే అడిగేది. "ఉందా?"

"ఉంది."

అయిదో రోజు ఉంది. ఆరో రోజు ఉంది. ఏడో రోజు నేను తెరవడానికి భయపడ్డాను. దేనికి భయమో నాకే తెలియలేదు. ఉంటే తను వెళ్ళిపోతుంది. లేకపోతే మాస్టారు మళ్ళీ ఫర్వాలేదులే అంటారు. ఉంది.

ఎనిమిదో రోజు ముగ్గురం కలిసి తెరిచాం. రెండు పిడికిళ్ళంత ఐసు మిగిలింది. పై బుట్టలో పెట్టిన నీళ్ళసీసా ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమన్నాయి. మాస్టారు ఐసు ముక్క పట్టుకుని చిన్నపిల్లాడిలా బుగ్గకి ఆనించుకున్నారు.

"ఇక బయల్దేరడమే!" అని డెక్కు మీదికి వెళ్ళారు. పైన ఆయన నడక చప్పుడు వింటే మనసు నిండింది.

మేమిద్దరం మిగిలాం.

"వెళ్ళిపోతాం," అంది.

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ! రెండు నెలలుగా గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాను. వెళ్ళమంటారా, వద్దంటారా, ఏదో ఒకటి అనలేరా?"

అప్పుడు నాకు మాట వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

"వద్దని అనలేను. మాస్టారి చూపు ఆగదు. వెళ్ళమనడానికి నోరు రావట్లేదు. వెనక మూల ఒక సందు వదిలేద్దామనిపించింది. వదల్లేదు. నువ్వు లేకపోతే ఈ యార్డులో నేను ఎవరికి ఊఁ కొట్టాలి?"

తను మాట్లాడలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి. పమిట చెంగు మూత సందులో పడి నలుగుతున్నా చూసుకోలేదు. కళ్ళు తుడుచుకుని, మెట్ల వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"నాన్నా! నడిసముద్రంలో ఈ పెట్టె చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?"

పైనుంచి వెంటనే జవాబు వచ్చింది. "పెట్టె చేసినవాడే చెయ్యాలి. ఈ మాట మీ ఇద్దరిలో ఎవరు ముందు అడుగుతారా అని నేను నెల నుంచి చూస్తున్నాను. బళ్ళో కూడా ఇంత మందబుద్ధి పిల్లల్ని చూళ్ళేదు."

"అంటే ఏంటి నాన్నా?"

"అంటే వచ్చే బుధవారం రిజిస్ట్రారు ఆఫీసు, గురువారం తెరచాప. పడవలో రాత్రి కాపలా మీకొదిలేసి నేను హాయిగా నిద్రపోతాను. ఏమయ్యా మేస్త్రీ, నీకేమైనా అభ్యంతరమా?"

"లేదు మాస్టారూ."

"ఆ మాట నాక్కాదు, దానికి చెప్పు."

చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను.

మర్నాడు పొద్దున్నే ఎవరూ లేవకముందు పడవ ఎక్కాను. ముందు గదిలో ఉన్న ఒంటి బెర్తు పలకలు విప్పి, టేపుతో కొలిచి, పక్కకి పద్దెనిమిది అంగుళాలు పెంచుతూ గీత గీశాను. మాస్టారు టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడి గీత కేసి వంగి చూశారు.

"పెళ్ళికి ఇంకా వారం ఉంది కదయ్యా," అన్నారు.

"పని వారం పడుతుంది మాస్టారూ," అని రంపం అందుకున్నాను.