పది లక్షల ఒకటి

“కీ ఇచ్చేస్తే మీ అక్కను వదిలేస్తారట. బతికే ఉందంటున్నారు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ చప్పున లేచి నిలబడ్డాడు. అక్క ఆ గూఢచారి శాఖలోనే కోడ్ బ్రేకర్ కావడంతో అతను అందరికీ తమ్ముడే అయిపోయాడు. ఏడాది క్రితం మిషన్ మీద వెళ్ళిన అక్క తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అప్పట్నుంచీ ఏ ఫోన్ మోగినా అక్కేనేమోనని అతను పరుగెత్తేవాడు.

“కీ అంటే మాటలు కాదు. డ్యాముల గేట్లకు తాళం వేసింది రెండొందల అంకెల నంబర్. దాన్ని భాగించే ఆ రెండు ప్రైమ్ నంబర్లూ వాళ్ళ చేతికి చిక్కితే...”

“ఊళ్ళకు ఊళ్ళు మునుగుతాయి. తెలుసు సార్. ఇవ్వను.”

“అక్క గొంతు వినిపిస్తే?”

“నిజం కీ తీసుకెళ్ళకపోతే వాళ్ళు బయటపడరు సార్, మీరు మనుషులతో బయట కాపు కాయండి,” అంటూ తమ్ముడు కీ ఉన్న చిప్‌ను చొక్కా గుండీలో దాచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అతను పెట్టుడు మీసంతో, వ్యాన్ డ్రైవర్ వేషంలో, వాళ్ళు రమ్మన్న లాండ్రీలోకి వెళ్ళాడు. ఇస్త్రీ ఆవిరి కమ్మిన వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు నెమలి కూర్చుని ఉంది. నెమలి అన్నది శాఖ పెట్టిన పేరే. నిన్నటిదాకా ఆమె తమ ఏజెంటేననుకున్నారు, పాపం! తీరా చూస్తే జీతం ఇక్కడ, కొలువు అక్కడ.

“మీసం అస్సలు బాలేదు,” అందామె.

“నీ నవ్వు అంతకన్నా బాలేదు.”

నెమలి స్పీకర్ ఆన్ చేసింది.

“ఏరా తమ్ముడూ, వేళకు తింటున్నావా?”

అక్క గొంతే! అదే విసుగు, అదే ముద్దు. తమ్ముడు తను ఏం చేస్తున్నాడో తెలిసేలోపే కీ దాచిన చొక్కా గుండీ ఊడబెరికి నెమలి చేతిలో పెట్టేశాడు.

“అనుమానముంటే అడుగు. మీ అక్క లెక్క ఎప్పుడూ తప్పదుగా,” అంది నెమలి, గుండీలోంచి చిప్ లాగుతూ.

“అక్కా, పది లక్షల ఒకటి ప్రైమేనా?”

శత్రువులకు చిక్కినవాళ్ళు ఇలాంటి ప్రశ్నకు తప్పు జవాబే చెప్పాలన్నది అక్కాతమ్ముళ్ళ ఒప్పందం. చీఫ్‌కు కూడా తెలియదు. అక్క ప్రాణం పోయినా మాట తప్పే మనిషి కాదు. ప్రైమే అను తల్లీ, నీకు దణ్ణం పెడతాను, తప్పు చెప్పు! అని అతను మనసులోనే మొత్తుకున్నాడు.

“పిచ్చి మొహమా, ప్రైమెలా అవుతుందిరా? నూట ఒకటి ఇంటూ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి. ఎటు చదివినా ఒకేలా ఉందని బోల్తా పడ్డావా?”

లెక్క కరెక్టే. అంటే మాట్లాడుతున్నది అక్క కాదు. పాత టేపులు విని ఆమె గొంతు నేర్చిన మెషీన్. బతికుంటే అక్కనే మాట్లాడించేవాళ్ళు. అక్క లేదు.

చిప్ ల్యాప్‌టాప్‌లోకి దూరబోతోంది. వెంట్రుకవాసి దూరం. తమ్ముడు వాచీ మీట నొక్కాడు. అందులోంచి దూసుకెళ్ళిన మత్తు సూది నెమలి మణికట్టులో దిగింది.

“జవాబు... కరెక్టే కదా?” అంటూ కూలిపోయింది.

“కరెక్టే. అదే నీ కొంప ముంచింది.”

చీఫ్ మనుషులతో లోపలికి దూసుకొచ్చి, ముందు చిప్ జేబులో వేసుకున్నాడు.

“తమ్ముడూ, పలకవేంరా?” అంటోంది స్పీకర్.

చీఫ్ స్విచ్ మీదికి చెయ్యి చాపాడు. తమ్ముడు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఒక్క నిమిషం సార్. అది మెషీనని నాకు తెలిసింది. నా చెవులకే ఇంకా తెలీలేదు.”