మూడుసార్లు తెగిన లైను

ఆ నర్సింగ్ హోములో మెట్ల కింద ఒక ఫోను ఉండేది. పగలు దానికోసం జనం వరస కట్టేవారు. రాత్రి పది దాటిందా... అటు తల తిప్పి చూసేవాడు లేడు.

కారణం పెద్ద సిస్టరమ్మ. ముప్ఫై ఏళ్లు ఆ ఫోను పక్కన స్టూలు వేసుకుని కాపలా కాసిందావిడ. రక్తం కావాలన్నా, అంబులెన్సు రావాలన్నా మొత్తం ఆసుపత్రికి ఆ ఒక్క లైనే దిక్కు. ఎవరైనా సొంత కబుర్లు సాగదీస్తే గొంతు పెంచకుండా ఒకటే మాట అనేది — "పెట్టెయ్ నాయనా, లైను మీద ప్రాణం ఉంది."

చివరికి ఆ స్టూలు మీదే, రిసీవరు చేతిలో ఉండగానే పోయింది. అప్పట్నుంచీ రాత్రిపూట ఆ ఫోను తీస్తే లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుందని చెప్పుకునేవారు.

ఇది నేను చూసింది కాదు. మా తోడల్లుడు చెప్పాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడు, అబద్ధం చెప్పడానికి కూడా బద్ధకించే మనిషి. నేనా, కాలేజీలో తర్కశాస్త్రం చదువుకున్నవాణ్ణి, దెయ్యాల్ని నమ్మను. ఆ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ, అయితే పెరట్లో లైటు మీరే ఆర్పి రండి అంటుంది. సరే, అదలా ఉంచండి.

ఆ సాయంత్రం పొరుగూళ్లో ఆరేళ్ల పిల్ల ఒకతె మేడ మీంచి పడింది. తలకి దెబ్బ. తండ్రి భుజాన వేసుకొచ్చాడు. స్కాను తీశారు. సర్జను ఆ ఫిల్ములు వెలుతురుకి పట్టి చాలాసేపు చూసి, కొయ్యడం తనకి వచ్చుననీ, ఎక్కడ కొయ్యాలో మాత్రం సిటీలో ఉన్న తన గురువుగారు చూసి చెప్పాలనీ అన్నాడట. తెల్లారేదాకా ఆగితే పిల్ల దక్కదు.

ఫిల్ముల బొమ్మల్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. వాటిని ఆ మెట్ల కింది ఫోను తీగ మీదే పంపడానికి మోడెము అనే చిన్న పెట్టె ఒకటి కొనిపెట్టుకున్నారు. కొని వారమైంది, ఒక్కరోజు సరిగ్గా పనిచేసింది లేదు. రాత్రి పదింటికి కబురందితే మావాడు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పరిగెత్తాడు.

తీరా విప్పి చూస్తే, మౌసూ మోడెమూ లోపల ఒకే దారికోసం కొట్టుకుంటున్నాయి. "ఒకే వంటింట్లో ఇద్దరత్తలు అన్నయ్యా," అన్నాడు నాతో. మోడెముకి వేరే దారి ఇచ్చాడు. నంబరు తిప్పేముందు రెండు క్షణాలు ఆగేట్టు చేశాడు. తీగ పాతది కనక వేగం సగానికి దించాడు. ఇంకో పని కూడా చేశాడు — మామూలుగా లైను కలవగానే మోడెము స్పీకరు మూగబోతుంది. లోపల ఏం జరుగుతోందో చెవితో వినాలని దాన్ని తెరిచే ఉంచాడు.

పదకొండూ పది. మోడెము కూసింది, కీచుమంది. అవతలి మోడెము బదులు పలికింది. తర్వాత ఇసుక రాలుతున్నట్టు సన్నటి రొద. పది శాతం... ఇరవై... ముప్ఫై ఆరు —

టక్.

ఆ రొదలోంచి ఒక ఊపిరి. పొడుగ్గా... చెవి పక్కనే ఉన్నట్టు.

లైను తెగింది.

గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ మొహం తెల్లబోయింది. పెద్ద సిస్టరమ్మ సంగతంతా, ఆవిడ మాటతో సహా, అప్పుడే గుసగుసగా చెప్పాడు. ఈ వేళప్పుడు ఆ ఫోను ముట్టే మగాడు ఈ ఊళ్లో లేడన్నాడు. మావాడు నవ్వేశాడు. నవ్వాడు గానీ, వేగం ఇంకాస్త దించుతున్నంతసేపూ స్పీకరు మీద ఓ కన్నేసే ఉంచాడట.

మళ్లీ మొదట్నుంచి. యాభై... అరవై రెండు —

టక్. ఊపిరి.

సర్జను తలుపు తోసుకుని వచ్చాడు. "పిల్లకి ఒక కంటిపాప పెద్దదవుతోంది," అన్నాడు మెల్లగా. "ఇంకో గంట. అంతకన్నా లేదు."

మూడోసారి ఎనభై దాకా వెళ్లింది. ఎనభై నాలుగు... ఎనభై ఐదు —

టక్.

ఈసారి మావాడు నంబరు తిప్పలేదు. దెయ్యమైనా సరే, లైను తెగాలంటే ఎక్కడో ఒక రిసీవరు పైకి లేవాలి కదా అనుకున్నాడు. వాచ్‌మన్ టార్చి ఇచ్చాడు, తను మాత్రం కదల్లేదు. వరండా అంతా చీకటి. మెట్ల దగ్గరికి వచ్చేసరికి...

స్టూలు మీద ఎవరో ఉన్నారు. ముందుకి వంగి, ఊగుతూ.

టార్చి వేశాడు. పిల్ల తండ్రి.

"ఫోన్లో కబురొస్తుందన్నారండీ," అన్నాడతను. "ఆ సిటీ డాక్టరుగారు ఎత్తారేమోనని... మూడుసార్లు తీసి చూశాను."

పొరుగూరి మనిషి. ఆ ఫోను సంగతి అతనికేం తెలుసు? పగలైతే బొమ్మలు వెళ్లేంతసేపూ ఎవరూ ముట్టకుండా మనిషిని పెట్టేవారు. రాత్రికి దెయ్యమే కాపలా అనుకుని ఊరుకున్నారు. కూతురికోసం చెవి ఒగ్గి, కూతురికి పోయే దారినే మూడుసార్లు తెంపాడు. మావాడు తిట్టలేదు, ఆ మాట అతనికి చెప్పనూ లేదు. ఇక ముట్టకండి, నేనే వచ్చి చెబుతానన్నాడు. చెప్పనక్కర్లేకపోయింది... అప్పటికే అతను రెండు చేతులూ చంకల్లో దాచుకుని ఉన్నాడు.

నాలుగోసారి నూటికి నూరూ వెళ్లింది. గురువుగారి కబురు వచ్చింది. సర్జను లోపలికి పరిగెత్తాడు.

తెల్లారేసరికి పిల్ల కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.

మావాడు సామాను సర్దుకుంటుంటే తండ్రి వచ్చాడు. మన్నించమన్నాడు. తన ఏడుపు అవతల డాక్టరుగారికి వినబడకూడదని, తీసిన ప్రతిసారీ మాట్లాడే వైపు అరచెయ్యి గట్టిగా అడ్డం పెట్టుకునే విన్నాడట.

మావాడు తీగ చుట్టడం ఆపాడు. అరచెయ్యి అడ్డం ఉంటే... మరి స్పీకర్లో ఆ ఊపిరి?

"ఆ పెద్దావిడ ఎక్కడుంటారండీ? దణ్ణం పెట్టుకుని వెళ్తాను," అన్నాడతను. "మూడోసారి ఆవిడ మందలించకపోతే ఇంకా తీసేవాణ్ణే."

"ఎవరు?"

"ఫోన్లోనండీ... ఆ కీచురొదలోంచి. గొంతు పెంచలేదు." అతను చేతులు జోడించాడు. "పెట్టెయ్ నాయనా, లైను మీద ప్రాణం ఉంది... అన్నారు."