మారు వడ్డన లేని మేడ

ఇస్సాకు చేసిన మొదటి నేరం, పులస పులుసు గిన్నె ఎత్తుకుని సరాసరి భోజనాల హాల్లోకి వెళ్ళిపోవడం.

సర్వరుగా కొత్తగా చేరిన అతనికి అది నేరమని పాపం తెలియదు. అంబాజీపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఆరేళ్ళు వడ్డించిన చెయ్యి అది. అంత పెద్ద పింగాణీ పళ్ళెంలో ఒకే ఒక్క ముక్క, పక్కన చెంచాడు పులుసు కనబడేసరికి అతని ప్రాణం ఉసూరుమంది. కాకినాడ నుంచి వచ్చిన డాక్టరు దంపతుల దగ్గరికి వెళ్ళి, మరో ముక్క వేయమంటారా అని అడిగాడు. వద్దన్నారు. మళ్ళీ అడిగాడు. చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చేతి పక్కనుంచి ఒడుపుగా వేసేశాడు. వాళ్ళు శుభ్రంగా తినేశారు కూడా.

కానీ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తున్న చెఫ్ హన్నాకి కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్క ఏ వాలున ఉండాలో, పులుసు చుక్క ఎక్కడ పడాలో ఆలోచించి పళ్ళెం అమర్చిన మనిషి ఆమె. బెంగళూరు పెద్ద హోటల్లో నాలుగేళ్ళు చేసి, సొంత ఊరి వంటలకి ఆ మర్యాద దక్కాలని పంతం పట్టి వచ్చింది.

ఆ పంతానికి దొరికిన చోటు ఈ మేడ. పి.గన్నవరం దాటాక వైనతేయ గట్టున, వెనకటి బియ్యం వ్యాపారులు కట్టుకున్నది. నూట పాతికేళ్ళ బర్మా టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు. పై వరండాలో నిలబడితే కింద గోదావరి పాయ, అవతల లంకలో కొబ్బరితోటలు, చిన్న చిన్న పడవలు. వారసుడు హరిబాబు దాన్ని బాగుచేయించి రెస్టారెంటు పెట్టాడు. ఎనిమిది టేబుళ్ళు, ఒక్కో భోజనానికి ఏడు కోర్సులు.

"ఇది పెళ్ళి పందిరి కాదండీ" అంది హన్నా, అతన్ని వంటింట్లోకి పిలిచి. "కావాలా అని ఒక్కసారి అడగండి. వద్దంటే వద్దే. రెండోసారి అడిగితే గెస్టుని ఇబ్బంది పెట్టినట్టు."

"ఆయ్" అన్నాడు ఇస్సాకు. ఒక్క క్షణం ఆగి, "కానీ మన వైపు మొదటిసారికే కావాలని ఎవరంటారండి? మూడోసారికి గానీ కడుపులో మాట బయటకి రాదు. మీది రాజోలేనంట కదండి" అన్నాడు.

ఆ చివరి మాట హన్నాకి చురుక్కుమంది. రూలు రూలేనంది.

అతను మళ్ళీ ఆ రూలు తప్పలేదు. ఒక్కసారే అడిగేవాడు. వద్దంటే తలూపి వెనక్కి వచ్చేసేవాడు. గిన్నెతో పాటు మొహం కూడా బరువుగా ఉండేది, అది వేరే సంగతి.

రోజులు గడిచేకొద్దీ అతనిలో ఇంకో గుణం బయటపడింది. ఎవరి పళ్ళెంలో ఏం మిగిలిందో, ఎవరు దేన్ని కళ్ళు మూసుకుని తిన్నారో కనిపెట్టి వచ్చి చెప్పేవాడు. పనసాకు బుట్టలో ఆవిరిమీద ఉడికించిన ఇడ్లీ, చిన్న పొట్టిక్కని కొబ్బరి చట్నీతో పంపితే, రెండో టేబుల్ పెద్దావిడ ఆ ఆకుని కూడా వేలితో తుడుచుకు తిన్నదని చెప్పాడు. ఇంటర్నెట్‌లో జనం పెట్టే స్టార్లకన్నా ఆ కబుర్లకోసమే హన్నా ఎక్కువ ఎదురుచూడసాగింది. ఎదురుచూస్తున్నట్టు కనబడకూడదని ఉల్లిపాయలు తరిగేది. అవసరం లేకపోయినా తరిగేది. దాంతో వంటింట్లో ఉల్లిపాయలు గుట్టలు పడ్డాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన తెరిపి లేకుండా కురిసింది. గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాయి. బుకింగులన్నీ క్యాన్సిల్. పై వరండాలో ఇద్దరే. జల్లు అటు కొడితే ఇటు, ఇటు కొడితే అటు జరుగుతూ, చివరికి ఇద్దరూ ఒకే స్తంభం వెనక చేరారు. అలా చేర్చడం వానకి బాగా తెలుసు.

"హన్నా గారండీ" అన్నాడు ఇస్సాకు, నదివైపే చూస్తూ. "మీకిష్టమైతే మా అమ్మని మీ ఇంటికి పంపుతానండి. మాట్లాడతాది."

హన్నా గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం, "అబ్బే, వద్దండీ" అంది.

ఆమె తప్పేముంది? ఎవరింటికెళ్ళినా కాఫీ అంటే ముందు వద్దనడం, చీర పెడతామంటే ఎందుకండీ అనడం ఊహ తెలిసినప్పటినుంచీ నేర్చిన మర్యాద. రెండోసారి అడిగితే తల దించుకుందామని, మూడోసారికి నవ్వుదామని అప్పుడే లెక్కేసుకుంది. ఏప్రన్ మడతలు కూడా సర్దుకుంది.

ఇస్సాకు "ఆయ్" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళి, గ్లాసులు తుడవడం మొదలుపెట్టాడు.

మర్నాడు అడుగుతాడనుకుంది. అడగలేదు. ఆదివారం చర్చి ముగిశాక ఫోన్ చేస్తాడనుకుంది. చేయలేదు. ఒక్క మాటకే వెనక్కి తగ్గే మనిషికి ప్రేమేం ఉంటుందని కోపం తెచ్చుకుంది. రెండు వారాల తర్వాత హరిబాబు చెప్పాడు, ఇస్సాకుకి దోహాలో హోటల్ ఉద్యోగం కుదిరిందని, వీసా కూడా వచ్చేసిందని, వచ్చే సోమవారమే ప్రయాణమని. ఆ పూట హన్నా తరిగిన ఉల్లిపాయలు మంచి సాకయ్యాయి. ఎవరూ ఎందుకేడుస్తున్నావని అడగలేదు.

శనివారం అతనికి ఆఖరి రోజు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే, కూతురు వంట చేసే చోటు చూద్దామని రాజోలు నుంచి హన్నా తల్లిదండ్రులు ఆటోలో వచ్చారు. తండ్రి దేవదానం రిటైరైన హెడ్మాస్టరు. చొక్కా ఇస్త్రీ నలక్కుండా కూర్చున్నాడు. తల్లి రాహేలు నదిని చూసి, స్తంభాలు చూసి, ఫోర్కులు లెక్కపెట్టింది.

ఇస్సాకు ఎప్పటిలాగే వడ్డించాడు. పులస దగ్గర దేవదానాన్ని మరో ముక్క కావాలా అనడిగాడు. చాలు బాబూ అన్నాడాయన. ఇస్సాకు తలూపి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోతున్న గిన్నెని ఆయన గుమ్మందాకా చూశాడు.

ఆరో కోర్సు అయ్యాక హన్నా బయటకి వచ్చి, ఎలా ఉంది నాన్నా అంది.

"రుచికి వంక పెట్టలేం తల్లీ" అన్నాడు దేవదానం, గొంతు తగ్గించి. "కానీ ఆ అబ్బాయేంటి, రెండోసారి అడగడు?"

"కావాలని చెప్పొచ్చుగా నాన్నా."

"అడగ్గానే కావాలని ఎలా అంటామే? పోనీ, నువ్వంటావా?"

రాహేలు నవ్వేసింది. హన్నా నవ్వలేకపోయింది. తాను తవ్విన గోతిలో తానే పడి, ఇన్నాళ్ళుగా అవతలివాణ్ణి తిట్టుకుంటోందని అప్పటికి అర్థమైంది.

వంటింటికి వెళ్ళే మలుపు దగ్గర ఇస్సాకు పూతరేకుల ట్రేతో ఎదురొచ్చాడు. ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"ఆ రోజు వానలో నన్నడిగేరు కదా. నేను వద్దన్నది, ఇందాక మా నాన్న పులస వద్దన్నట్టేనండి."

ఇస్సాకు ట్రే వైపే చూస్తూ అన్నాడు, "నాకూ ఆశగానే ఉందండి, మళ్ళీ అడుగుదామని. కానీ ఆడపిల్ల ఒకసారి వద్దన్నాక వెంటపడి అడగడం మర్యాద కాదు కదండి. అందుకే ఊరే వదిలిపోదామనుకున్నాను."

"మీరు చేసింది మర్యాదే. మనసులో ఉన్నది చెప్పడం నాకే చేతకాలేదు." హన్నా అక్కడితో ఆపలేదు. "నాకు మీరంటే ఇష్టం. ఆ రోజూ ఇష్టమే. ఇప్పుడు మీరడక్కుండానే చెప్తున్నాను."

ట్రే ఒకవైపుకి ఒరిగింది. ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. పూతరేకులు నిలిచాయి గానీ, పట్టుకున్న చేతులు చాలాసేపు వదల్లేదు. టేబుల్ దగ్గర్నుంచి దేవదానం కళ్ళజోడు సర్దుకుని మరీ చూస్తున్నాడు.

ఇస్సాకు ట్రేని ఆయన ముందు దించి, చేతులు కట్టుకుని నిలబడి, దాచకుండా అంతా చెప్పాడు. హెడ్మాస్టరు ఊరు అడిగాడు, ఏ చర్చి అని అడిగాడు, తండ్రి గురించి అడిగాడు. ముంగండ అని, చర్చీ అక్కడిదేనని, నాన్న పోయి పదేళ్ళయిందని, అమ్మ అంగన్‌వాడీలో టీచరని అతను బదులిచ్చాడు. ఆయన కూతురి మొహంలోకి చూశాడు. ఆ మొహం చూశాక అడగడానికి ఇంకేం మిగల్లేదు. నెమ్మదిగా తలూపి, కుర్చీ లాగి, కూర్చో బాబూ అన్నాడు.

రాహేలుకి మాత్రం అసలు సంగతి తేలాలి.

"సోమవారం ప్రయాణమంటున్నావు. దోహా ముందా బాబూ, పెళ్ళి ముందా?"

ఇస్సాకు నోరు తెరిచాడు.

"పెళ్ళే" అంది హన్నా.