మూడూ నలభై చూపిన గడియారం

పాత ఫొటోల ఆర్కైవ్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా గాజు నెగెటివ్ ప్లేట్లకి కాపలా ఉన్న ముసలాయన్ని ఉదయం పదిగంటలకి, టేబుల్ ముందు కూర్చుని ఉండగానే చంపేశారు. సైలెన్సర్. ఒకే బుల్లెట్. పక్కగదిలో టైపు చేసుకుంటున్న గుమాస్తాకి ఏదో పుస్తకం కింద పడినట్టు వినిపించిందట. హంతకుడు పోతూ పోతూ ఒక గాజు ప్లేటుని నేలకేసి కొట్టి, బూటుకాలితో పిండి పిండి చేశాడు. మనిషి కోసం ఒక్క క్షణం ఖర్చుపెట్టినవాడు ఆ ఫొటో కోసం మాత్రం బాగానే ఓపిక పట్టాడు.

పదకొండింటికి ఏజెంట్ తూనీగ అక్కడికి వెళ్ళి చూశాడు. ముసలాయన తల టేబుల్ మీద వాలి ఉంది. చొక్కా ఎడమ జేబులోంచి సన్నటి గొలుసుతో ఒక భూతద్దం వేలాడుతోంది. పన్నెండేళ్ళ సర్వీసులో చాలా శవాలను చూసిన తూనీగ ఎందుకో ఈసారి మాత్రం వెంటనే నోటుబుక్కు తీయలేదు. ఎవరి జోలికీ పోని మనిషి.

పన్నెండింటికి బ్రీఫింగ్. చీఫ్ తూనీగకి స్వయానా అక్క మొగుడు.

"ఏంటి బావా ఇదంతా?"

"ఆఫీసులో సార్ అనమని ఎన్నిసార్లు చెప్పాలి? కూర్చో."

చీఫ్ ఫైలు తెరిచాడు. మొదటి పేజీకి ముసలాయన ఫొటో పిన్ చేసి ఉంది. అదే కళ్ళజోడు, అదే చొక్కా, జేబులో అదే భూతద్దం. తూనీగకి ఆ ఫొటోలో ఏదో తేడా కొట్టింది గానీ, అదేమిటో అంతుపట్టేలోపే చీఫ్ పేజీ తిప్పేశాడు.

"వారం కిందట ఈయనే నాకు ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి గడియారం వీధి ఫొటో ప్రింట్ అడుగుతోంది, ఆమె వాలకం నాకు నచ్చలేదు సార్ అన్నాడు. నీ ఫొటో ఒకటి పంపు, ఫైలు పెడతానన్నాను. మర్నాడే పంపాడు. నా మీద అంత గురి ఆయనకి."

"గడియారం వీధిలో ఏముంది?"

"కవల భవనాలు. మధ్యలో గడియారం గోపురం. వీధిలో నిలబడి చూస్తే ఎడమవైపుది సభాభవనం, కుడివైపుది ఆర్కైవ్. ఆర్కైవ్‌లో ఫొటోల ప్రదర్శన నడుస్తోంది, హత్య సంగతి ఇంకా బయటికి పొక్కలేదు. ఇవాళ నాలుగింటికి సభాభవనంలో రెండు దేశాల మధ్య సంధి మీద సంతకాలు. అది ఆగిపోతే పొరుగున సంబరపడేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళ ముఠా ఊళ్ళోకి దిగింది."

"ఫొటోకీ దానికీ సంబంధం?"

"వెనకటికి ఆ రెండిట్లో ఒక భవనానికి వీధిలోంచి నేలమాళిగలోకి బొగ్గు దింపే తలుపు ఉండేదట. తర్వాత ఇటుకలు పెట్టి మూసేసి, పైన సున్నం కొట్టేశారు. ప్లాన్లన్నీ ఎప్పుడో తగలబడ్డాయి. ఆ తలుపు ఎక్కడుందో చెప్పే ఆధారం ఆ ఫొటో ఒక్కటే. నకలేదైనా మిగిలిందేమో వెతుకు. నీకు సాయంగా సంపెంగ వస్తుంది."

తూనీగ మొహం చిట్లించాడు. సంపెంగ డబుల్ ఏజెంట్. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు మోస్తుంది. ఆమె వెళ్ళిపోయిన పదినిమిషాలకి కూడా గదిలో ఆ సెంటు వాసన అలాగే ఉంటుంది.

"ముసలాయన ఫోన్ చేసిన సంగతి ఆమెకి తెలుసా?"

"నేనే చెప్పాను. మన మనిషే కదా!"

రెండూ ముప్పావుకి తూనీగ తేమ కొలిచే ఇన్‌స్పెక్టర్ వేషంలో ఆర్కైవ్ నేలమాళిగలోకి దిగాడు. అతికించిన మీసం, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఏమీ కొలవని మీటరు. అదొక పొడవాటి గది. కిటికీల్లేవు. ఇనప అరల నిండా వేల గాజు ప్లేట్లు, ఒక్కొక్కటీ ఒక్కో కవర్లో. ఇప్పుడు లేని వీధులు, కూల్చేసిన వసారాలు, ఎవరికీ గుర్తులేని అంగళ్ళు, అన్నీ ముసలాయన గుండ్రటి చేతిరాత కింద వరుసగా నిలబడి ఉన్నాయి. పగిలిపోయిన ప్లేటు తాలూకు కవరు అరలోనే ఉంది. మీద 'గడియారం వీధి, ఉదయం 8.20' అని రాసి ఉంది. లోపల ఒక ప్రింట్.

తూనీగ దాన్ని దీపం కిందికి తెచ్చాడు. కవల భవనాలు, మధ్యలో గోపురం, అంకెలు లేని గడియారం. ఎడమవైపు భవనం గోడకి, నేలని ఆనుకుని ఒక ఇనప తలుపు. అంటే సభాభవనానిదే! వెనక్కి తిప్పాడు. 'అడిగినది నీలం గ్లవ్స్ మేడమ్. నకళ్ళు రెండు.'

సెంటు వాసన ముందొచ్చింది. మనిషి తర్వాతొచ్చింది.

"ఈ వీధి పాత ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు తూనీగ వెనక్కి తిరక్కుండానే. అది కోడ్.

"గడియారం ఆగినచోట," అంది సంపెంగ. సరైన జవాబే.

తూనీగ తిరిగి చూశాడు. ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. స్టీలు తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడింది. చేతికి లేత నీలం గ్లవ్స్.

"నీ మీసం ఊడుతోంది తూనీగా," అని తలుపు లాగేసింది.

తాళం పడింది. ఆ వెంటనే గోడలోని గొట్టాల్లోంచి బుస్సుమని చప్పుడు మొదలైంది. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి పెట్టిన గ్యాస్ అది. మంటకి ఊపిరి ఆడనివ్వదు. మనిషికీ అంతే. రేపు పొద్దున్న పేపర్లో 'ఆర్కైవ్‌లో ప్రమాదం, ఇన్‌స్పెక్టర్ మృతి' అని నాలుగు లైన్లు వేస్తారు. అందులోనూ అసలు పేరు రాదు.

సెల్‌ఫోన్‌లో సిగ్నల్ లేదు. తలుపు మందం జానెడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వాచీలో దిక్సూచి, కెమెరా, సన్నటి రంపం అన్నీ ఉన్నాయి. గాలి మాత్రం లేదు. లైటరు వెలిగించి నేల దగ్గర పెట్టాడు. టప్పున ఆరిపోయింది. మోకాలి ఎత్తున పెట్టాడు, వెలిగింది. రెండు నిమిషాల తర్వాత అక్కడా ఆరిపోయింది. బరువైన గ్యాస్ బావిలో నీళ్ళలా కిందనుంచి పైకి ఊరుతోంది.

ఇనప అర మీదికెక్కి కూర్చున్నాడు. టైము మూడూ ఇరవై. పక్క భవనం కింద ముఠా ఆ తలుపు పగలగొడుతూ ఉంటుంది. తన భవనానికి అసలు తలుపే లేదు. ఫొటో ఆ మాట స్పష్టంగా చెబుతోంది. చచ్చేంత భయం వేసింది తూనీగకి. అక్క గుర్తొచ్చింది. ఆదివారం వస్తానని మూడువారాలుగా ఆవిడకి అబద్ధం చెబుతున్నాడు. ఈసారిది అబద్ధం కాదక్కా, రాలేని పరిస్థితి అనుకున్నాడు.

గ్యాస్ నడుము ఎత్తుకి వచ్చింది. ఇంకేం చెయ్యాలో తోచక మళ్ళీ ఫొటోనే చూశాడు. వీధిలో ఇద్దరు చీపుళ్ళతో ఊడుస్తున్నారు. అంగళ్ళన్నీ మూసి ఉన్నాయి. ఇంకా బేరాలు మొదలుకాని ఉదయపు వీధి అది. గడియారం ముళ్ళు మాత్రం మూడూ నలభై చూపిస్తున్నాయి.

మధ్యాహ్నం మూడూ నలభైకి ఏ ఊళ్ళోనైనా అంగళ్ళు మూసి వీధులు ఊడుస్తారా? కవర్ మీద ముసలాయన రాసింది ఎనిమిదీ ఇరవై. ఎనిమిదీ ఇరవైని అద్దంలో చూస్తే ఎంత?

మూడూ నలభై.

గాజు ప్లేటుకి ఒక పక్కనే బొమ్మ పడే మందు పూత ఉంటుంది. ఆ పక్కని కాగితానికి ఆనించి తీస్తే ప్రింట్ సరిగ్గా వస్తుంది. తిరగేసి పెడితే కుడి ఎడమైపోతుంది. ఇది తిరగేసి తీసిన ప్రింట్! ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషి అంత పొరపాటు చేస్తాడా?

మధ్యాహ్నం చీఫ్ చూపిన ఫొటోలో తేడా ఏమిటో ఇప్పుడు తట్టింది. శవం చొక్కాకి జేబు ఎడమవైపు. ఫొటోలో ఆయన కుడిరొమ్ము మీద. అదీ తిరగేసిందే. అంటే పొరపాటు కాదు, ఆయన పద్ధతి. నమ్మకం కుదరని మనిషి ఎవరైనా ఫొటో అడిగితే కాదనకుండా, గొడవ పడకుండా, తిరగేసి ప్రింట్ తీసి చేతిలో పెట్టేవాడన్నమాట.

అయితే బొగ్గు తలుపు సభాభవనానిది కాదు. ఈ గదిదే.

తూనీగ ఊపిరి బిగబట్టి కిందికి దూకి, మూలనున్న పాత కెమెరా స్టాండు లాక్కుని మళ్ళీ అర ఎక్కాడు. వీధివైపు గోడని పైభాగాన కొట్టుకుంటూ పోయాడు. రాయి. రాయి. రాయి. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఇంకో అడుగు జరిగి కొట్టాడు. బొయ్యిమంది. ఒంటి ఇటుక!

స్టాండు ఇత్తడి కాలితో పిచ్చెక్కినవాడిలా పొడిచాడు. సున్నం పెచ్చులు కళ్ళలో పడ్డాయి. మీసం ఎక్కడో ఊడిపోయింది. ఒక ఇటుక అటు పడింది. ఆ కంతలోంచి వీధి దుమ్ము, పెట్రోలు పొగ, ఎండ కలిసి లోపలికొచ్చాయి. దానికి మూతి ఆనించి గుటకలు గుటకలుగా తాగాడు.

మూడూ యాభై తొమ్మిది దాటాక తెల్లటి సున్నం బొమ్మలా పేవ్‌మెంట్ మీదికి పాకి వచ్చాడు. పక్కన సభాభవనం గోడ దగ్గర రోడ్డు రిపేరు టెంటు వేసి ఉంది. సంపెంగ అప్పుడే అందులోంచి బయటికొస్తూ, దెయ్యాన్ని చూసినట్టు ఆగిపోయింది. అతను ఆమెని తోసుకుంటూ లోపలికి దూరాడు. గోడవారగా గొయ్యి, గొయ్యిలో పెట్టె, పెట్టె మీద ఎర్ర అంకెలు. పదమూడు. పన్నెండు. ఆ పెట్టె వెనక ఉన్నది ఒంటి ఇటుక గోడ కాదు, గజం మందం రాయి. పేలితే దెబ్బంతా వీధి మీదికే. వీధిలో ఫొటోల ప్రదర్శన చూడటానికి వచ్చిన వందమంది క్యూలో నిలబడి ఉన్నారు.

తొమ్మిది. ఎనిమిది. వాచీలోంచి రంపం లాగి సీలు కోశాడు. నాలుగు. మూడు. డిటొనేటర్ గొట్టం ఊడి వచ్చింది. దాన్ని తడి సిమెంటు తొట్టిలోకి విసిరి బోర్లా పడుకున్నాడు. తొట్టి తుస్సుమని, ఒక దోసెడు సిమెంటుని అతని వీపు మీదికి చిమ్మి ఊరుకుంది.

బయట సభకి కాపలా ఉన్న పోలీసులు సంపెంగని పట్టుకున్నారు.

"ఫొటోలో ఎడమవైపే ఉంది కదా!" అంది, నమ్మలేక.

తూనీగ ప్రింట్ తీసి, వెనకవైపు నుంచి ఎండకి ఎత్తి చూపించాడు. తలుపు కుడివైపుకి మారింది. గడియారంలో ఎనిమిదీ ఇరవై అయింది.

మూడోరోజు ప్రదర్శన మళ్ళీ తెరిచారు. గుమ్మంలోనే ముసలాయన ఫొటో నిలువెత్తున పెట్టి దండ వేశారు. తూనీగ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. తన ముఖం కూడా ఎరగని మనిషి తన ప్రాణం కాపాడి పోయినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియలేదు.

చీఫ్ పక్కనొచ్చి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నా ఫైల్లో ఫొటోనే పెద్దది చేయించాను. నేనంటే ఎంత గురి ఉంటే అడగ్గానే పంపుతాడు చెప్పు?"

ఫొటోలో ముసలాయన కుడిరొమ్ము మీది జేబులోంచి వేలాడుతున్న భూతద్దాన్ని తూనీగ చూశాడు. తర్వాత చీఫ్ చొక్కాకి ఎడమవైపున్న జేబుని చూశాడు.

"బావా," అన్నాడు, "ఆయన లెక్కలో మీరూ, ఆ సంపెంగా ఒకటే."