పాడు లేని రోజు

నెల్లూరులో డిటెక్టివ్ పద్మనాభయ్య కాఫీ గ్లాసు అందుకోబోతుండగా కరుణాకుమారి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"సార్, పులికాటు సరస్సు ఒడ్డున రొయ్యల మీద రీసెర్చి చేస్తున్నాను. గురువారం మా క్యాంపు అటెండరు హజరత్తయ్య రొయ్యల కూర తిని చావు తప్పి ఆస్పత్రిలో పడ్డాడు. కుళ్ళిన రొయ్యలు అమ్మిందని పక్కనున్న జాలర్ల పాలెంలో నాగులమ్మ మీద మా ప్రొఫెసరు పెంచలనరసింహం గారు కేసు పెట్టారు. రేపు అరెస్టు చేస్తారట. ఆ రోజు నేను నాయుడుపేటలో ఉన్నాను. అయినా ఆమె అమ్ముతుంటే చూశానని సంతకం పెట్టాలట. పెట్టకపోతే నా చదువు అంతటితో సరి అన్నారు."

"మీ పరిశోధన దేన్ని గురించి?"

"ఆయన రాయించిన పరికల్పన ఇది సార్. పాలెం వాళ్ళ మురికి అలవాట్ల వల్ల వాళ్ళు అమ్మే రొయ్యలు తిన్నవాళ్ళు జబ్బుపడతారు. రెండేళ్ళు తిరిగాం. ఒక్కరూ పడలేదు."

"మరి మార్చుకోలేదా?"

"ఇంకా బయటపడలేదు, అంతే అంటారు. నేను వేరేది రాసుకున్నాను. నీడలో కన్నా ఎండలో ఉంచిన రొయ్య త్వరగా చెడుతుందని. నాగులమ్మ దగ్గర కొని ఒక డబ్బా నీడన, ఒక డబ్బా ఎండన పెట్టాను. తేడా రాకపోతే నా మాట తప్పని ఒప్పుకుందామనుకున్నాను. నాయుడుపేట నుంచి తిరిగొచ్చేసరికి ఎండలో డబ్బా ఖాళీ. కంపు కొడుతుంటే పారబోయించానన్నారు ప్రొఫెసరు గారు."

పద్మనాభయ్య కాఫీ తాగకుండానే లేచారు. గురువుగారు కాఫీ వదిలేశారంటే కేసు సగం తేలినట్టేనని ఆయన అసిస్టెంటు ఓబులేసు నమ్మకం. సంచి భుజాన వేసుకుని వెంట నడిచాడు.

ఆస్పత్రిలో హజరత్తయ్య గుడ్డపేలికలా మంచానికి అంటుకుపోయి ఉన్నాడు.

"రొయ్యలు ఎవరు తెచ్చారు?" అని అడిగారు పద్మనాభయ్య.

"సారే గిన్నెలో పోసి ఇచ్చినారయ్యా. నాగులమ్మ ఇచ్చిపోయిందన్నారు. నాకు పడిసెం పట్టి ముక్కు దిబ్బడేసింది, వాసన తెలియలా. చింతపండు దండిగా పిసకమన్నారు."

"ఆయన తిన్నారా?"

"లేదయ్యా. ముక్క లేంది ఆయనకు ముద్ద దిగదు. ఆ పూట మాత్రం మజ్జిగన్నం తిన్నారు."

బయటికి రాగానే ఓబులేసు పళ్ళు కొరికాడు. "ఆ ప్రొఫెసరే సార్, సందేహం లేదు."

"సందేహం లేదన్నావంటే నువ్వూ ఆయన బడిలోనే చేరావు. నీ ఊహ తప్పు కావాలంటే ఏం కనబడాలో అది వెతుకు. డబ్బా నిజంగానే పారబోయించి ఉండవచ్చు. గురువారం నాగులమ్మ రొయ్యలు అమ్మిందని తేలితే నీ ఊహ నిలవదు."

కరుణాకుమారి వాళ్ళను పాలేనికి తీసుకెళ్ళింది. నాగులమ్మ గుడిసె ముందు కూలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తాను జైలుకు పోతే నాయుడుపేట సంతలో ఈ పాలెం రొయ్యను ఇక ఎవరూ ముట్టరని ఆమె దిగులు.

"మంగళారం మా పాడు అయ్యా. అప్పుడే ఈ పాప కొనుక్కునింది. మళ్ళా పాడు రాలా. ఆ సారుకూ అదే చెప్పినా."

పాడు సరుకని తన నోటితోనే ఒప్పేసుకుందే అనుకున్నాడు ఓబులేసు. పద్మనాభయ్య మాత్రం పాలెం పెద్ద పోలేరయ్యను పక్కకు పిలిచి కాసేపు మాట్లాడి వచ్చారు.

మర్నాడు ఉదయం క్యాంపు షెడ్డులో అందరినీ కూర్చోబెట్టారు. ఎస్సై వచ్చాడు. హజరత్తయ్యను రిక్షాలో తెచ్చారు. ప్రొఫెసరు ఇస్త్రీ చొక్కాతో, ముక్కుకు సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని, నాగులమ్మకు దూరంగా కుర్చీ జరుపుకున్నాడు. ఓబులేసుకు చూస్తుంటేనే కంపరం పుట్టింది.

"ప్రొఫెసరు గారూ, ఏం చూస్తే మీ పరికల్పన తప్పని ఒప్పుకుంటారు?" అన్నారు పద్మనాభయ్య.

"తప్పయ్యే ప్రసక్తే లేదు. జనం జబ్బుపడితే వీళ్ళ మురికి వల్ల. పడకపోతే జనం అదృష్టం వల్ల."

"గురువారం ఈమెతో మాట్లాడారా?"

"మాట్లాడాను. రొయ్యలడిగితే 'ఇయ్యాల పాడు లేదయ్యా' అని నా ముఖం మీదే చెప్పింది. పాడు లేదని నమ్మించి కుళ్ళు సరుకు అంటగట్టింది. ఎస్సై గారూ, రాసుకోండి."

ఎస్సై రాసుకున్నాడు. పద్మనాభయ్య పోలేరయ్య వైపు తిరిగారు. "పాడు అంటే ఏమిటో చెప్పన్నా."

"సరస్సులో వల వేసే వంతండీ. ఇంటింటికీ వంతు. ఒకరి పాడులో ఇంకొకరు దిగితే పాలెం ఊరుకోదు. గురువారం ఈయమ్మ వల ఎండకు ఆరేసే ఉన్నింది. ఊరంతా చూసినాం."

"ఆ మాటకు అర్థం చెడిపోవడం కాదు ప్రొఫెసరు గారూ. ఈరోజు వల వేయలేదు, మా ఇంట రొయ్యలు లేవు అని ఆమె చెప్పింది. మీరే సాక్ష్యం ఇచ్చారు. రెండేళ్ళు ఈ ఒడ్డున ఉండి ఈ జనాన్ని ఒక్క మాట అడిగి తెలుసుకోలేదు. మరి ఆమె దగ్గర లేని రొయ్యలు మీ గిన్నెలోకి ఎలా వచ్చాయి? క్యాంపులో ఉన్నవి ఈ అమ్మాయి డబ్బాలే. నీడన డబ్బా నిండుగా ఉంది. ఎండన డబ్బా ఖాళీ. ముక్కు పనిచేయని మనిషిని చూసి వండించారు, పులుపుతో కుళ్ళు కప్పించారు, మీరు మజ్జిగ పోసుకున్నారు. రెండేళ్ళుగా రాని జబ్బును మీరే తెచ్చిపెట్టారు."

పెంచలనరసింహం తల దించుకోలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, క్లాసులో పాఠం చెబుతున్నట్టే అన్నాడు. "జబ్బయితే చేసిందిగా? నా పరికల్పన నిజమైందిగా?"

ఎస్సై ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న హజరత్తయ్య మెల్లగా అడిగాడు. "అయితే నేను మూడో డబ్బానా సారూ?"

ఎస్సై ప్రొఫెసరును జీపు వైపు నడిపించాడు. ఎక్కేటప్పుడు కూడా ఆయన హజరత్తయ్య వైపు చూడలేదు.

అందరూ బయటికి వచ్చారు. నాగులమ్మ కళ్ళు తుడుచుకుని, పద్మనాభయ్యకు చేతులు జోడించింది. "ఇయ్యాల మా పాడు అయ్యా. వల తీసినాక బుట్టెడు తెచ్చిస్తా, తినిపోవాల."

"ఓబులేసుకు పెట్టమ్మా. ఆ మనిషి ఎదురుగా కూర్చుని లేచాను. ఈ పూట నాకు ముద్ద దిగదు," అంటూ పద్మనాభయ్య చేతులు కడుక్కోవడానికి సరస్సు వైపు నడిచారు.