జావాకి జంట గొట్టాలు

పొద్దున్నే నారాయణమ్మ పూరీలు వేయిస్తోంది. మర్నాడే మొగుడి పూరీ ప్రయాణం. పూరీకి పోయే మనిషిని ముందురోజు నుంచే పూరీలతో సాగనంపాలని ఆవిడ సరదా. సీతమ్మధారలోని ఆ ఇంట్లో ఆ పూట మిగిలిన సరదా అదొక్కటే. ఎందుకంటే గవర్రాజు నట్టింట్లో నట్టులు పరిచి, బోల్డన్ని బోల్టులు పోసుకుని, మూడోసారి ఓడిపోయి కూర్చున్నాడు.

గవర్రాజు పోర్టులో క్రేన్ ఫిట్టరు. బావమరిది అప్పలసూరితో కలిసి మోటారు సైకిళ్ళ మీద పూరీ దాకా వెళ్తానని ఏడాదిగా ఊరంతా చాటాడు. అందుకోసం తన పాత జావా బండికి మద్రాసు నుంచి కొత్త జంట సైలెన్సరు గొట్టాలు తెప్పించాడు. పొడుగ్గా, తళతళలాడుతూ ఉన్నాయి. ముచ్చటపడి బిగించిన ప్రతిసారీ హనుమంతవాక దాటేలోగా గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్టు చెవి పుటుక్కున తెగేది. అతికించడం, బిగించడం, తెగడం. చివరికి జావా ముందు గవర్రాజు జావగారిపోయాడు.

కూతురు గౌరీశ్వరి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చేతిలో ఐటిఐ దరఖాస్తు. ఫిట్టరు కోర్సు. సాయంత్రం నాలుగింటితో గడువు సరి. తండ్రి సంతకం ఒక్కటే తక్కువ. ఆ పిల్ల వారం రోజులుగా అడుగుతోంది. టైపు నేర్చుకొమ్మని ఆయన వారం రోజులుగా ఒకే మాట టైపు కొడుతున్నాడు.

"నాన్నా, గొట్టాల్లో తప్పు లేదు. బిగించే వరసలో ఉంది," అంది.

"ఏటీ?"

"నువ్వు ఎనకాల బ్రాకెట్టు ముందు బిగించేత్తన్నావు. తరవాత గొట్టాన్ని బలవంతంగా ఇంజన్లోకి లాగుతన్నావు. ఆ లాగుడంతా సెవి మీద పడతంది. అన్నీ వదులుగా తగిలించుకుని, ఇంజను కాడ్నించి ఎనక్కి బిగించుకు రావాలి."

"వదులుగానా!" సైలెన్సరు బండికే గాని గవర్రాజు గొంతుకి లేదు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. "ఇరవయ్యేళ్ళు క్రేన్ల మీద పని సేసినోణ్ణి! పైన ఒక్క బోల్టు వదులుగా ఉంటే కింద మనిషి సత్తాడు. ఒకటి పూర్తిగా బిగిత్తే గాని రెండోదాని జోలికెళ్ళను. నాకు నువ్వు సెప్తావా?"

"క్రేను నిలబడతాది నాన్నా. బండి వణుకుతాది."

"ఆడగుంటవి, నీకెందుకే ఈ గ్రీజు!"

చిల్లుల గరిటె చేత్తో పట్టుకునే నారాయణమ్మ బయటికొచ్చింది. "ఏటయ్యా, నాను జాకెట్టు కుట్టినప్పుడు ఒక సెయ్యి గట్టిగా కుట్టేసి రెండోది లాగి అతికిత్తానా? కచ్చాకుట్టు ఏసుకుని, అన్నీ కుదిరాకే గదా మిషనెక్కిత్తాను! నా కాడే నేర్సుకుంది అది. ఓపాలి సెయ్యనీ."

గవర్రాజు మొహం బిగించాడు. ఆ పూట ఆయన సరిగ్గా బిగించింది అదొక్కటే.

"సెయ్యి. మళ్ళీ సెవి తెగిందో, ఆ ఫారం నా సేత్తో సించేత్తాను."

గౌరీశ్వరి ఓణీ నడుముకి చుట్టింది. అన్నీ విప్పేసి, తెగిన చెవిని వెల్డింగు షాపులో అతికించుకొచ్చింది. రెండు గొట్టాల్నీ వదులుగా తగిలించి, బండిని అటూ ఇటూ ఊపింది. ఏది ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చుంది. ముందు ఇంజను దగ్గర, తరవాత నడుమ, చివర వెనకాల బిగించింది. మూడుసార్లూ గవర్రాజు సుత్తితో కొట్టి ఇంజన్లోకి దించిన గొట్టం, ఈసారి ఆమె వేలితో తోస్తేనే లోపలికి దూరిపోయింది.

గవర్రాజు అది చూశాడు. సుత్తి పక్కన పెట్టి బండి తాళం అందుకున్నాడు.

ఆయన ముందు, కూతురు వెనక, ఇంకో బండి మీద అప్పుడే వచ్చిన అప్పలసూరి. గొట్టాలు నిలుస్తాయో లేదో చూడ్డానికి భీమిలి దారి పట్టారు. హనుమంతవాక దగ్గర గోతులొచ్చినప్పుడల్లా గౌరీశ్వరి ఊపిరి బిగబట్టింది. చెవి తెగలేదు. భీమిలిలో సముద్రం కనబడింది. చెవి తెగలేదు. తిరుగు దారిలో ఇంటి మలుపు దగ్గర బండి ఆగలేదు. తిన్నగా ఐటిఐ గేటు ముందు ఆగింది. లోపల ఆఫీసు గోడ గడియారంలో మూడున్నర.

"అమ్మాయికి టైలరింగే కదండీ?" అన్నాడు గుమాస్తా.

"ఫిట్టరు. రాయండి."

"ఫిట్టరా! ఆడపిల్ల చెయ్యగలదా?"

గవర్రాజు ఆయన్ని చెయ్యిపట్టి కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఆ గొట్టాలు సూడండి. ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. నాను మూడుసార్లు బిగించి మూడుసార్లూ ఇరగ్గొట్టాను. మా గుంట ఒక్కసారి బిగించింది. భీమిలెల్లి వచ్చాం. రేపు పూరీ ఎల్తాం. ఇంకేటి కావాలి మీకు?"

ఆ గొంతుకి ఆఫీసంతా లేచి నిలబడింది. గౌరీశ్వరి మాత్రం కూర్చుండిపోయింది. తాను ఓడిపోయానని నాన్న నలుగురిలో, అంత గర్వంగా చెప్పుకోగా వినడం ఆమెకదే మొదటిసారి.

గవర్రాజు సంతకం పెట్టి బయటికొచ్చి, బండెక్కి కిక్కు కొట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏటి బావా, కళ్ళంట నీళ్ళు?" అన్నాడు అప్పలసూరి.

"పొగరా, పొగ."

"నీ బండి పొగ ఎనక్కి పోతంటే, ముందు కూకున్న నీ కళ్ళలోకి ఎలా వచ్చింది బావా?"